టీవీ వెనక వైర్ల చిక్కు: విప్పడం, కట్టడం, ఆ తర్వాతే దాచడం

టీవీ వెనక చెయ్యి పెట్టి ఒక వైరు లాగితే మూడు కదులుతున్నాయంటే ఆ మూల సర్దాల్సిన రోజు వచ్చినట్టే. చాలామంది చేసేదేమిటంటే, షాపుకెళ్లి వైర్లు దాచే ఓ కేసింగ్ పట్టీయో మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బానో తెచ్చి, చిక్కును చిక్కుగానే అందులో కుక్కి మూత వేసెయ్యడం. వారం రోజులు కంటికి ఇంపుగానే ఉంటుంది. ఇంటర్నెట్ కుర్రాడు బాక్సు మార్చడానికి వచ్చిన రోజున మొత్తం బయటికి లాగాలి, లాగింది మళ్లీ లోపలికి పట్టదు. అందుకని దాచడాన్ని చివరికి పెట్టుకోండి. ముందు వైర్లు తగ్గించాలి, తర్వాత జాతుల వారీగా విడదీయాలి, ఆ తర్వాత కట్టాలి. దాచాక కూడా ఏ ఒక్క వైరునైనా ఒంటి మనిషి, స్క్రూడ్రైవర్ ముట్టుకోకుండా నిమిషంలో బయటికి తీయగలగాలి. ఈ పరీక్షకు నిలవని ఏర్పాటు మూణ్ణెల్లు కూడా ఉండదు.

విజయవాడ పటమటలోనో గుంటూరు బ్రాడీపేటలోనో ఓ మామూలు రెండు బెడ్‌రూముల ఫ్లాటు అనుకుందాం. హాల్లో 43 అంగుళాల టీవీ, సెట్‌టాప్ బాక్సు, ఫైబర్ ఇంటర్నెట్ బాక్సు (రౌటరు), సౌండ్‌బార్, ఓ పక్కన నిత్యం రెండు మొబైల్ ఛార్జర్లు. బెడ్‌రూమ్‌లో ల్యాప్‌టాప్ టేబులు. ఇంతవరకూ అయితే ఒక ఆదివారం పూట సరిపోతుంది. పగటిపూటే చెయ్యండి, మెయిన్ ఆపినా వెలుతురు ఉంటుంది.

తెచ్చుకోవాల్సినవి ఇవి:

- అర అంగుళం వెడల్పు వెల్క్రో టేపు 5 మీటర్లు. ఒక వైపు నూలు, ఇంకో వైపు ముల్లు ఉండి తన మీద తానే అతుక్కునే రకం, చుట్టగా అమ్ముతారు.
- ఒక అంగుళం పీవీసీ కేసింగ్, 2 మీటర్ల ముక్కలు రెండు. షాపులో కేసింగ్ క్యాపింగ్ అని అడగండి, కింది పట్టీ, పై మూత కలిపి ఇస్తారు.
- 6 మి.మీ. గోడ ప్లగ్గులు, వాటికి సరిపడే స్క్రూలు ఓ ఇరవై.
- కాగితపు మాస్కింగ్ టేపు, చెరగని మార్కరు.
- హ్యాక్సా బ్లేడు, కొలత టేపు, కరెంటు టెస్టరు.
- ఐఎస్ఐ గుర్తున్న, సాకెట్లు ఎడంగా ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి. మీ దగ్గర ఉన్నది బాగుంటే కొత్తది అక్కర్లేదు.

కేబుల్ టైలు (ఒకసారి బిగిస్తే విప్పలేని ప్లాస్టిక్ పట్టీలు) ఓ ప్యాకెట్ తెచ్చుకుంటే నష్టం లేదు కానీ వాటి మీద ఆధారపడొద్దు. కారణం కింద వస్తుంది. ఇవన్నీ గవర్నర్‌పేట దాకా వెళ్లకుండా వీధి చివర ఎలక్ట్రికల్ షాపులోనే దొరుకుతాయి. వెల్క్రో అక్కడ లేకపోతే టైలరింగ్ సామాను అమ్మే కొట్లో అడగండి. కాకపోతే అక్కడ నూలు పక్క, ముల్లు పక్క విడివిడిగా ఇస్తారు, రెండూ వీపు వీపు కలిపి కుట్టుకోవాలి.

విప్పే ముందు

మొదట మూడు ఫోటోలు తీసుకోండి: టీవీ వెనక పోర్టులు, బాక్సుల వెనక భాగం, ప్లగ్గులు పెట్టిన బోర్డు. తర్వాత ప్రతి వైరుకు రెండు చివర్లా, ప్లగ్గుకు నాలుగు వేళ్ల దూరంలో మాస్కింగ్ టేపు జెండాలా మడిచి అంటించి పేరు రాయండి. కంపెనీ పేరు రాయొద్దు, పని రాయండి: "టీవీ కరెంటు", "సెట్‌టాప్ నుంచి టీవీకి", "ఫైబర్ బాక్సు అడాప్టర్". కంపెనీ ఏడాదికోసారి మారుతుంది, పని మారదు.

అన్నిటికంటే ముఖ్యంగా పేరు రాయాల్సింది అడాప్టర్ల మీద. సెట్‌టాప్ బాక్సు, రౌటరు, చిన్న స్పీకర్లు చాలావాటికి ఒకే సైజు గుండ్రటి పిన్ను ఉంటుంది. పిన్ను పడుతుంది కాబట్టి ఇదే అనుకుంటాం. కానీ ఒకటి 12 వోల్టులు, ఇంకొకటి 5 వోల్టులు. 5 వోల్టుల పరికరానికి 12 వోల్టుల అడాప్టర్ పెడితే ఆ బాక్సు అక్కడికక్కడే పోతుంది. వోల్టులు అచ్చంగా సమానంగా ఉండాలి. ఆంపియర్లు పరికరం అడిగినంతగానీ అంతకంటే ఎక్కువగానీ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. 12 వోల్టులు 1.5 ఆంపియర్లు అడిగే రౌటరుకు 12 వోల్టులు 2 ఆంపియర్లది పెట్టొచ్చు. 1 ఆంపియరుది పెడితే వైఫై మీద బరువు పెరిగినప్పుడల్లా ఆగి మళ్లీ మొదలవుతుంటుంది, మీరు ఇంటర్నెట్ కంపెనీని తిట్టుకుంటూ ఉంటారు. ప్లస్ నడిమి పిన్నులోనా, చుట్టూ ఉందా అన్న చిన్న బొమ్మ కూడా రెండింటి మీదా ఒకేలా ఉండాలి.

ఇప్పుడు స్విచ్చులన్నీ ఆపి, ప్లగ్గులన్నీ పీకి, వైర్లన్నీ బయటికి లాగి నేల మీద పరచండి. దుమ్ము పొడి గుడ్డతో తుడవండి. తడి గుడ్డ ప్లగ్గు పిన్నుల దగ్గరికి రానివ్వొద్దు. తుడుస్తున్నప్పుడే వేళ్లతో తడమండి: ఎక్కడైనా తొక్క గట్టిపడి పెళుసుగా ఉందా, నల్లబడిందా, ఎలుక పంటి గాట్లు ఉన్నాయా? అలాంటి కరెంటు వైరుకు ఇన్సులేషన్ టేపు చుట్టి సరిపెట్టొద్దు, మార్చెయ్యండి. కేసింగ్ లోపల అతుకులున్న కరెంటు వైరు అస్సలు పోనివ్వకూడదు. అతుకు వేడెక్కితే కంటికి కనిపించదు, వాసన వచ్చేసరికి ఆలస్యమవుతుంది.

తగ్గించడం

పరచిన కుప్పలో కనీసం రెండు మూడు వైర్లు ఎక్కడికీ వెళ్లకుండా ఉంటాయి. తీసేసిన పాత డీటీహెచ్ కేబుల్, ఎరుపు తెలుపు పసుపు మూడు తలల ఏవీ వైరు, ఎప్పుడో పోయిన ఫోను ఛార్జరు. సెట్‌టాప్ బాక్సుకూ టీవీకీ రెండింటికీ హెచ్‌డీఎంఐ (బొమ్మను, శబ్దాన్ని ఒకే తీగలో పంపే పోర్టు) ఉంటే ఆ మూడు తలల వైరు అక్కర్లేదు, బొమ్మ కూడా మెరుగవుతుంది. సౌండ్‌బార్‌కు, టీవీకి హెచ్‌డీఎంఐ పోర్టు మీద ఏఆర్‌సీ అని రాసి ఉంటే ఆ రెండింటినీ ఒకే హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపితే చాలు, ఆడియోకు వేరే వైరు పోదు, టీవీ రిమోట్‌తోనే శబ్దం పెంచుకోవచ్చు. టీవీలో ఉన్న పోర్టులన్నీ ఏఆర్‌సీ కావు, సాధారణంగా ఒక్కటే ఉంటుంది, అందులోనే పెట్టాలి.

తర్వాత పొడవు. 3 మీటర్ల హెచ్‌డీఎంఐ కేబుల్‌తో అర మీటరు దూరం కలిపితే మిగతా రెండున్నర మీటర్లు చుట్టలా వేలాడాల్సిందే. పురికొస తీసుకుని వైరు వెళ్లే దారి వెంట, మూలలతో సహా, పరిచి కొలవండి. దానికి ఒక జానెడున్నర కలపండి. ఆ కొలతకు దగ్గరలో దొరికే కేబుల్ కొనండి. జానెడున్నర ఎందుకంటే టీవీని కొంచెం ముందుకు లాగి వెనక చూడగలగాలి. బిగుతుగా లాగిన కేబుల్ బరువంతా పోర్టు మీద పడి కొన్నాళ్లకు పోర్టే వదులవుతుంది. ఇక పొడవు పెరగడంలో ఓ హద్దుంది: 4కే బొమ్మకు మామూలు రాగి హెచ్‌డీఎంఐ కేబుల్ 5 మీటర్లు దాటితే నమ్మకం లేదు, చుక్కలు రావడం, తెర ఒక్క క్షణం నల్లబడటం మొదలవుతుంది. అంత దూరం కావాలంటే లోపల ఫైబర్ ఉండే రకం తీసుకోవాలి. దానికి ఒక చివర టీవీ వైపు, ఒక చివర బాక్సు వైపు అని రాసి ఉంటుంది, తిరగేస్తే పనిచెయ్యదు.

కరెంటు తీగను మాత్రం కత్తిరించి పొట్టి చెయ్యొద్దు, అచ్చు పోసిన ప్లగ్గు కోసేస్తే మళ్లీ అంత గట్టిగా రాదు. లాన్ కేబుల్ (రౌటరు నుంచి కంప్యూటరుకో టీవీకో వెళ్లే ఇంటర్నెట్ తీగ) కత్తిరించి కొత్త తల నొక్కి బిగించుకోవచ్చు, దాన్నే క్రింప్ చెయ్యడం అంటారు. ఇంటర్నెట్ కుర్రాడి దగ్గర ఆ క్రింపింగ్ ప్లయరు ఎప్పుడూ ఉంటుంది, వచ్చినప్పుడు అడిగితే రెండు నిమిషాల పని.

మూడు జాతులు, మూడు దారులు

మిగిలిన వైర్లను మూడు కుప్పలు చెయ్యండి. 230 వోల్టులు పారే కరెంటు వైర్లు ఒకటి. హెచ్‌డీఎంఐ, లాన్, యూఎస్‌బీ, స్పీకర్ వైర్లు, అడాప్టర్ నుంచి బాక్సుకు వెళ్లే సన్న తీగలు రెండోది. ఫైబర్ కేబుల్ మూడోది, అది ఒంటరిగానే పోవాలి.

కరెంటును, సిగ్నల్‌ను ఒకే కేసింగ్‌లో ఎందుకు పెట్టకూడదు? అక్కడ ఎలుక కొరికినా, తొక్క కరిగినా 230 వోల్టులు లాన్ కేబుల్‌లోకి ఎక్కుతాయి, దాని చివర మీ చేతిలో ల్యాప్‌టాప్ ఉంటుంది. ఇది అసలు కారణం. స్పీకర్లో సన్నగా గూంయ్ మనే మోత రావడం రెండో కారణం. రెండు దారుల మధ్య మూడు అంగుళాల ఎడం ఉంచండి. దాటక తప్పనిచోట ప్లస్ గుర్తులా అడ్డంగా దాటించండి, పక్కపక్కన పరుగెత్తనివ్వొద్దు.

ఫైబర్ సంగతి వేరు. అందులో కరెంటు లేదు, వెలుగు వెళుతుంది. ఎలుకను పక్కన పెడితే దానికి ఉన్న ఒకే ఒక శత్రువు వంపు. మూల దగ్గర మడిచి మేకు కొడితే వెలుగు బయటికి జారిపోతుంది, బాక్సు మీద సిగ్నల్ అందడం లేదని చెప్పే లాస్ (ఎల్ఓఎస్) అన్న దీపం ఎర్రగా కొట్టుకోవడం మొదలెడుతుంది. మిగిలిన ఫైబర్‌ను టీ సాసరు అంత చుట్టగా వదులుగా చుట్టి, రెండు చోట్ల వెల్క్రోతో పట్టించండి. అంతకంటే చిన్న చుట్ట వద్దు. కేబుల్ టై బిగించొద్దు. గోడ మూలల్లో వేళ్లు వంచినంత గుండ్రంగా తిప్పండి, కాగితం మడిచినట్టు మడవొద్దు. కొన నీలం తల, ఆకుపచ్చ తల అని రెండు రకాలుంటాయి. అవి ఒకదానికొకటి పట్టినట్టే ఉంటాయి కానీ లోపల గాజు కోసిన కోణం వేరు, కలపకూడదు. ఊడదీసిన కొనను వేలితో ముట్టుకోవద్దు, దాని లోపలికి కన్ను పెట్టి చూడొద్దు. ఆ వెలుగు కంటికి కనిపించదు కానీ కంటికి మంచిది కాదు.

వీధి స్తంభం నుంచి వచ్చే నల్ల కేబుల్‌లో బరువు మోయడానికి ఉక్కు తీగ ఉంటుంది. దాన్ని బయటి గోడ హుక్కు దగ్గరే విడదీసి ఆపెయ్యమనండి, ఇంట్లోకి రానివ్వొద్దు. వీధిలో ఆ తీగ కరెంటు లైన్ల పక్కనే వేలాడుతూ వస్తుంది. గోడకు వేసే రంధ్రం బయటివైపుకు వాలి ఉండాలి. కేబుల్ లోపలికి దూరే ముందు రంధ్రం కంటే జానెడు కిందికి వేలాడి పైకి రావాలి. అప్పుడు వాన నీరు ఆ వంపు దగ్గర చుక్కలుగా కారిపోతుంది, గోడలోకి ఎక్కదు. తుపాను వానలు గోడను ఏటవాలుగా కొట్టే మన ఊళ్లలో ఈ ఒక్క వంపు లేక హాల్లో గోడ చెమ్మగిల్లిన ఇళ్లు చాలా ఉన్నాయి.

బోర్డు మీద బరువు లెక్క

చిన్న పిన్నుల ప్లగ్గు, బోర్డు 6 ఆంపియర్లవి. 230తో హెచ్చిస్తే 1380 వాట్లు. టీవీకి ఓ 100, సౌండ్‌బార్‌కు 50, సెట్‌టాప్ బాక్సు, రౌటరు కలిపి 30, ఫోన్ ఛార్జర్లకు 50 వేసుకున్నా 230 వాట్లు, అంటే ఒక ఆంపియరు. కాబట్టి ఈ పరికరాలన్నీ ఒకే బోర్డు మీద హాయిగా నడుస్తాయి, నాలుగైదు ప్లగ్గులు ఉన్నాయని భయపడక్కర్లేదు. భయపడాల్సింది అదే బోర్డులో ఓ మిగిలిన సాకెట్ చూసి ఎవరైనా 1000 వాట్ల ఇస్త్రీపెట్టె గుచ్చినప్పుడు, మొత్తం 1230 వాట్లై హద్దును ఆనుకుంటుంది. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి, గీజరు, ఏసీ, ఫ్రిజ్ ఎక్స్‌టెన్షన్ మీద వద్దే వద్దు. ఎక్స్‌టెన్షన్‌లో ఇంకో ఎక్స్‌టెన్షన్ గుచ్చడమూ వద్దు. చివరి బోర్డు బరువంతా మొదటి ప్లగ్గు మోస్తుంది, దాని పిన్నులు అంత చల్లగా ఉండవు.

మిగిలిన సాకెట్లకు మాస్కింగ్ టేపు అడ్డంగా వేసి "టీవీకే" అని రాయడం మోటుగా కనిపించినా పనికొస్తుంది. చదవడం వచ్చిన ఎవరూ దాన్ని పీకి ఇస్త్రీపెట్టె పెట్టరు.

వైరు చుట్టలో ఇంకో మెలిక ఉంది. ఎక్కువ కరెంటు లాగే పొడవాటి తీగను బిగుతుగా చుట్టి కట్టేస్తే వేడి బయటికి పోదు, లోపలి పొరల తొక్క కరుగుతుంది. టీవీ తీగ లాంటివాటికి ఈ బాధ లేదు, అయినా వదులుగా ఎనిమిది అంకె ఆకారంలో చుట్టడం మంచి అలవాటు. మెలికలు పడవు, విప్పడం తేలిక.

కట్టడం, బోర్డును నిలబెట్టడం

ఒక జాతి వైర్లను కలిపి జానెడుకు ఒక వెల్క్రో ముక్క చొప్పున కట్టండి. కట్టాక ఒక వైరును పట్టుకుని లాగితే జరగాలి, అంత వదులు చాలు. కేబుల్ టై ఇక్కడే చెడగొడుతుంది: బిగించేటప్పుడు అలవాటుగా చివరిదాకా లాగుతాం, అది లాన్ కేబుల్ లోపలి జంట తీగలను నొక్కి వేగం తగ్గిస్తుంది. ఇంకో వైరు చేర్చాలంటే కత్తెర పెట్టాలి, కత్తెర జారితే వైరే తెగుతుంది. టైలు ఎక్కడ మంచివంటే, ఎప్పటికీ కదలని చోట, కేసింగ్ కిందో టేబులు కాలికో. కట్ చేసిన తోక పదునుగా ఉంటుంది, చెయ్యి గీసుకుపోతుంది, మొదలంటా కోసెయ్యండి.

ఎక్స్‌టెన్షన్ బోర్డు నేల మీద ఉండకూడదు. రోజూ తడి గుడ్డ పెట్టే ఇళ్లు మనవి. పైగా 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు కింది అంతస్తుల్లో నేల మీద ఏమేం ఉన్నాయో అవన్నీ ముందు పోయాయి. టీవీ యూనిట్ లోపలి పక్క చెక్కకు, నేలకు కనీసం అడుగున్నర ఎత్తున బిగించండి. వెనక చెక్కకు వద్దు, అది చాలా యూనిట్లలో 6 మి.మీ. పలుచటి ముక్క, స్క్రూ పట్టదు. పక్క చెక్క 18 మి.మీ. ఉంటుంది, దానికి అర అంగుళం స్క్రూ వాడితే అవతలికి పొడుచుకురాదు.

బోర్డు వెనక తాళంచెవి రంధ్రాలు రెండు ఉంటాయి. వాటి మధ్య దూరం కొలవడం కష్టం, ఇలా చెయ్యండి: తెల్ల కాగితం రంధ్రాల మీద పెట్టి పెన్సిల్‌తో అడ్డంగా రుద్దితే గుర్తులు పడతాయి. ఆ కాగితాన్ని చెక్కకు అంటించి సరిగ్గా గుర్తుల మీదే స్క్రూలు వెయ్యండి, తర్వాత కాగితం చింపెయ్యండి. సాకెట్లు పైకి చూసేలా పెట్టొద్దు, పక్కకు చూడాలి. పైకి చూస్తే దుమ్ము, బల్లి రెట్ట, ఒలికిన నీళ్లు అన్నీ రంధ్రాల్లోకే.

అడాప్టర్ల లావు వల్ల పక్క సాకెట్ మూసుకుపోతే సాకెట్లు ఎడంగా ఉన్న బోర్డు కొనడమే శుభ్రమైన దారి. రెండు పిన్నుల ఛార్జరు సాకెట్లో వదులుగా ఊగితే, చిటపటమంటే, ఆ సాకెట్ అయిపోయింది. వంచి పెట్టి నడిపించొద్దు.

మూత ఉన్న డబ్బా వాడాలనుకుంటే రెండు పక్కలా గాలి రంధ్రాలున్నది, మంట పట్టని ప్లాస్టిక్‌ది తీసుకోండి. చెప్పుల అట్టపెట్టెకు రంగు కాగితం అంటించి అందులో బోర్డు పెట్టడం వీడియోల్లో ముచ్చటగా కనిపిస్తుంది. అట్టను, వేడెక్కే అడాప్టర్లను ఒకచోట మూసిపెట్టడం అంటే పొయ్యి పక్కన పిడకలు పెట్టుకోవడమే.

రౌటర్ని మాత్రం ఏ డబ్బాలోనూ దాచొద్దు. టీవీ వెనకా వద్దు. టీవీ వెనక ఇనుప రేకు సిగ్నల్‌ను అడ్డుకుంటుంది. మూసిన అరలో రోహిణి కార్తె ఎండకు రౌటరు ఉడికి తనంతట తనే ఆగిపోతుంటుంది. దాన్ని యూనిట్ పైనో గోడకో ఛాతీ ఎత్తున పెట్టి, దాని వైర్లను మాత్రం దాచండి.

కేసింగ్ వెయ్యడం

గోడకు బిగించిన టీవీ నుంచి కింది యూనిట్ దాకా వేలాడే వైర్లకు ఇది. ముందు గోడ మీద తాడుతో నిలువు గీత సరిచూసుకోండి. గీత గీసే ముందు స్విచ్ బోర్డులు ఎక్కడున్నాయో చూడండి. గోడలో దాగిన కరెంటు పైపులు మామూలుగా బోర్డు నుంచి నిట్టనిలువుగా పైకో కిందికో, లేదా అడ్డంగా వెళతాయి. ఆ వరసల్లో డ్రిల్లు పెట్టొద్దు. గోడకు అవతల బాత్‌రూమ్ ఉంటే నీళ్ల పైపుల సంగతి కూడా కనుక్కోండి.

కేసింగ్‌ను కొలతకు హ్యాక్సా బ్లేడుతో కొయ్యండి, మూత కలిపే ఉంచి కోస్తే అంచులు సరిగ్గా వస్తాయి. మలుపు దగ్గర రెండు ముక్కల చివర్లను 45 డిగ్రీల ఏటవాలుగా కోసి కలపాలి. మూత ఊడదీసి, కింది పట్టీని గోడకు ఆనించి అడుగున్నరకు ఒకటి చొప్పున గుర్తులు పెట్టండి, రెండు చివర్ల దగ్గర రెండు అంగుళాల లోపల ఒక్కొక్కటి. 6 మి.మీ. బిట్టుతో రంధ్రం, ప్లగ్గు, స్క్రూ. స్క్రూ తల పట్టీలో సమంగా కూర్చోవాలి, పొడుచుకుంటే వైరు తొక్కను గీకుతుంది. తర్వాత వైర్లు పరచి మూతను అరచేత్తో పై నుంచి కిందికి నొక్కుకుంటూ రండి, టప్ టప్ మని పడుతుంది.

మూత తెరుచుకునే రకం కాబట్టి హెచ్‌డీఎంఐ తల ఎంత లావున్నా ఇబ్బంది లేదు, తల బయటే ఉంటుంది, మెడ నుంచి లోపలికి పోతుంది. కేసింగ్ సగం నిండితే చాలు. మూత పడటానికి మోకాలితో నొక్కాల్సి వస్తే సైజు చాలనట్టు, పెద్దది వెయ్యండి. టీవీ కరెంటు తీగకు వేరే కేసింగ్ కావాలి. రెండూ టీవీ మధ్యలో పక్కపక్కన కాకుండా చెరో అంచుకు వేస్తే కంటికీ బాగుంటుంది. గోడ రంగే మూతకు వేస్తే దూరం నుంచి అసలు కనిపించదు. రంగు వేసేటప్పుడు మూత విప్పి వెయ్యండి, పెట్టి వేస్తే అతుక్కుపోతుంది.

అద్దె ఇంట్లో ఓనరుగారు డ్రిల్లు వద్దంటే రెండు వైపులా అంటుకునే టేపు ఉన్న సన్న కేసింగ్ దొరుకుతుంది. అది నిలవాలంటే గోడకు ప్లాస్టిక్ ఎమల్షన్ రంగు ఉండాలి. సున్నం, డిస్టెంపర్ గోడకు అది పొడిని పట్టుకుంటుంది తప్ప గోడను పట్టుకోదు, రాత్రికి ఊడి కింద ఉంటుంది. ఎమల్షన్ గోడ అయినా పొడి గుడ్డతో తుడిచి, ఒక్కో చోట అర నిమిషం నొక్కి, వైర్లు మాత్రం మర్నాడు పెట్టండి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు లాగి పీకితే పుట్టీ పెచ్చుతో సహా వస్తుంది. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి, పురికొసనో దారాన్నో వెనకగా దూర్చి రంపంలా ఆడిస్తే గోడ బతుకుతుంది.

కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లకు

గొల్లపూడిలోనో నల్లపాడు వైపో గోడలకు గాడులు కొడుతున్న దశలో ఉంటే పని చాలా సులువు. టీవీ వెనక నుంచి కింది యూనిట్ వెనక దాకా 2 అంగుళాల పీవీసీ పైపు ఒకటి ఖాళీగా పెట్టించండి. కరెంటు పని చేసేవాళ్లు అలవాటుగా ముప్పావు అంగుళం పైపు వేస్తామంటారు. హెచ్‌డీఎంఐ తల రెండు సెంటీమీటర్లకు పైగా వెడల్పు ఉంటుంది, అందులో దూరదు. మలుపు కావాలంటే ఒక 90 డిగ్రీల ఎల్బో బదులు రెండు 45 డిగ్రీలవి వెయ్యమనండి. పైపులో నైలాన్ తాడు ఒకటి వదిలి రెండు చివర్లా కట్టెయ్యండి, వైరు లాగిన ప్రతిసారీ దాని వెంట ఇంకో తాడు కూడా లాగండి.

టీవీతో వచ్చిన కరెంటు తీగను గోడ పైపులో దూర్చొద్దు, అది బయట ఉండటానికి చేసిన తీగ. టీవీ వెనకే వేరే పైపులో 1.5 చదరపు మి.మీ. తీగలతో, ఎర్త్‌తో సహా, ఒక సాకెట్ పెట్టించుకోవాలి. ఆ సాకెట్ టీవీని గోడకు పట్టి ఉంచే బ్రాకెట్‌కు ఎదురుగా ఉంటే ప్లగ్గు లావుకు టీవీ గోడకు ఆనదు. బ్రాకెట్ పక్కకు జానెడు తప్పించి పెట్టించండి.

టేబులు, ఇన్వర్టరు

ల్యాప్‌టాప్ టేబులుకు వెనక అంచులో 60 మి.మీ. రంధ్రం కోయించి దాని అంచుకు తొడిగే ప్లాస్టిక్ గ్రామెట్ పెట్టండి. బోర్డును టేబులు పలక అడుగున బిగిస్తే నేల మీదికి దిగేది ఒక్క తీగే. మానిటర్ జరిపే స్టాండు మీద ఉంటే దాని పూర్తి కదలిక వరకూ జరిపి చూసి, అప్పుడు వైర్లు కట్టండి. ముందే కడితే జరిపిన రోజున పోర్టు ఊడుతుంది.

ఇన్వర్టరు నుంచి బ్యాటరీకి వెళ్లే లావు తీగల జోలికి మాత్రం సర్దుబాటు పేరుతో వెళ్లొద్దు. 12 వోల్టుల బ్యాటరీ మీద 600 వాట్లు నడవాలంటే ఆ తీగల్లో 50 ఆంపియర్లు పారాలి. వాటిని పొడిగిస్తే, అతికితే వేడెక్కుతాయి. బ్యాటరీని మూసిన అరలో పెట్టొద్దు, ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది.

ఎలుకలు, బల్లులు, చీమలు

వైరు దూరిన ప్రతి రంధ్రం చుట్టూ మిగిలిన ఖాళీని తెల్ల సిమెంటుతో పూడ్చండి. కిటికీ మూల నుంచి తెచ్చిన కేబుల్ అయితే తలుపు పూర్తిగా మూసుకోదు, ఎలుకకు అంత సందు చాలు. ఎలుక తిరిగే అటక మీదుగా వెళ్లే ఫైబర్‌ను గట్టి పీవీసీ పైపులో పంపండి. కలరా ఉండల వాసన కొన్ని రోజులే పనిచేస్తుంది, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. స్విచ్ బోర్డులో, ఎక్స్‌టెన్షన్‌లో బల్లి దూరి చచ్చి షార్టు కావడం ఇక్కడ కొత్త సంగతేమీ కాదు. వాడని సాకెట్లకు పిల్లల కోసం అమ్మే ప్లాస్టిక్ మూతలు పెడితే బల్లికి, చీమకు కూడా దారి మూసుకుంటుంది.

అన్నీ పెట్టాక

ఒక్కొక్కటిగా ప్లగ్గు పెట్టి ఆన్ చెయ్యండి. టీవీలో సిగ్నల్ లేదని వస్తే సగం సార్లు కేబుల్ వేరే హెచ్‌డీఎంఐ పోర్టులో ఉంటుంది, ఫోటో చూసి సరిచెయ్యండి. లాస్ దీపం ఎర్రగా ఉంటే ఫైబర్ చుట్టను వదులు చేసి, ఎక్కడైనా మడత పడిందేమో చూడండి. లాన్ వేగం 100 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోతే కేబుల్ తలలో ఒక జత తీగ ఆనకపోయి ఉండొచ్చు, తల మళ్లీ క్రింప్ చేయించి చూడండి. స్పీకర్లో మోత వస్తే దాని వైరు కరెంటు వైరు పక్కన పరుగెడుతోందేమో వెతకండి.

అన్నీ నడుస్తుండగా గంట తర్వాత వెళ్లి బోర్డును, ప్రతి అడాప్టర్నీ, ప్లగ్గుల్నీ చేతి వెనక భాగంతో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి ఆనించి ఉంచలేనంత వేడిగా ఏదైనా ఉంటే దాన్ని ఆపి, చల్లారాక పిన్నుల దగ్గర నల్లమరక ఉందేమో చూడండి. ఉంటే ఆ ప్లగ్గూ, అది కూర్చున్న సాకెట్టూ రెండూ మార్చాలి. ఒకటి మార్చి రెండోది ఉంచితే కొత్తది కూడా నల్లబడుతుంది.